నొప్పికి బదులు

గాజులకు అతికే రాళ్ళ డబ్బాలో నాకు మందుబిళ్ళలు దొరికాయి.

అమ్మ మంచం పక్కన కిటికీ గూట్లో ఉండేది ఆ రేకు డబ్బా. లాడ్ బజార్ దుకాణాల వాళ్ళు ఇచ్చే లక్క గాజులకు అమ్మ ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుని అద్దపు రాళ్ళు అతికింది. జబ్బు ముదిరాక పని మానేసింది గానీ డబ్బాను మాత్రం అక్కడి నుంచి కదలనివ్వలేదు. ఆ రోజు నా గాజుకు ఒక రాయి ఊడిపోయింది. అలాంటిదే ఇంకొకటి ఉందేమోనని మూత తీస్తే ఎరుపు, పచ్చ రాళ్ళ మధ్య తెల్లటి బిళ్ళలు కనబడ్డాయి. నేను పూటపూటకీ ఆమె అరచేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు పక్కన ఉంచి వంటింట్లోకి వెళ్ళేదాన్ని. ఆ బిళ్ళలన్నీ అక్కడే ఉన్నాయి.

అవి నొప్పి తగ్గించే మార్ఫిన్ బిళ్ళలు. అమ్మ క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఇక జబ్బుకు చేసేదేమీ లేదు, బాధ లేకుండా చూసుకోండి అని ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేశారు. చివరి రోజుల్లో ఉన్నవాళ్ళకు ఇళ్ళకు వెళ్ళి వైద్యం చేసే కన్యస్త్రీల మఠం ఒకటుంది. అక్కడి నుంచి ఒక సిస్టర్, నర్సు చదువు చదివినావిడ, వారం వారం వ్యాన్‌లో మా గౌలిపుర గల్లీకి వచ్చేది. ఎన్ని బిళ్ళలు వేసినా ఈమెకు నొప్పి ఎందుకు తగ్గడం లేదని పాపం ఆవిడ తల పట్టుకుంటోంది. తగ్గుతుంది మరి, డబ్బాకు నొప్పి ఉంటే!

నాకు ముందు కోపం వచ్చింది. కోపం నాకు తొందరగా వస్తుంది, తొందరగానే పోతుంది. దాని వెనకాల వచ్చే కుతూహలం మాత్రం ఒక పట్టాన పోదు. చిన్నప్పుడు గుడిలో జ్ఞానోపదేశం క్లాసులో, జలప్రళయం కథ చెబుతుంటే, పడవలో అన్ని జంతువులు ఎక్కితే పేడ ఎవరు ఎత్తారని అడిగి గోడకుర్చీ వేశాను. బర్రెలున్న గల్లీలో పుట్టిన పిల్లకు అది అడగవలసిన ప్రశ్నే అని ఇప్పటికీ నా అభిప్రాయం. ఆ రోజు నుంచి అమ్మ నన్ను 'వకీలు' అనేది. నేను చివరికి బడిపంతులమ్మనయ్యాను గానీ ఆ పేరు పోలేదు.

డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"ఇవేందమ్మా?"

"రాళ్ళు."

"తెల్లయి?"

"అవి గూడ రాళ్ళే అనుకో. నీకెందుకు లొల్లి?"

ఎంత అడిగినా అంతకు మించి చెప్పలేదు. సాయంత్రం నొప్పి వచ్చింది. ఎప్పటిలాగే మంచం పట్టీని గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. ఇన్నాళ్ళూ అది జపం అనుకునేదాన్ని. ఆ పూట వంగి, ఆమె నోటి దగ్గర చెవి పెట్టి విన్నాను.

"గిది ఆయనకు... గిది గూడ ఆయనకే..."

ఆయన అంటే మా నాయన. కంచన్‌బాగ్‌లో లోహాల కార్ఖానాలో కొలిమి దగ్గర పని చేసి రిటైరయ్యాడు. కొన్నేళ్ళ కింద ఊపిరితిత్తులు చెడి, ఆసుపత్రిలో, నోట్లో గొట్టంతో పోయాడు. ఆయన సంగతి చెప్పాలంటే మా కతోలిక క్రైస్తవుల అలవాటొకటి చెప్పాలి. జబ్బుపడిన మనిషికి ఫాదర్ వచ్చి ప్రార్థన చేసి నుదుటికి, చేతులకు పవిత్ర తైలం రాయడం మా సంస్కారాల్లో ఒకటి. అది రోగికి బలం కోసం. కానీ మా గల్లీలో ఫాదర్ నూనె సీసా పట్టుకుని గుమ్మం ఎక్కాడంటే ఆ ఇంట్లో మనిషి వెళ్ళిపోతున్నట్టే అనుకుంటారు. అందుకని ఎవరూ వేళకు పిలవరు. మనిషికి స్పృహ తప్పేదాకా ఆగి, అప్పుడు పరుగెత్తుతారు. నాయన విషయంలోనూ అంతే. అన్న ఫాదర్‌ను తీసుకొస్తానంటే అమ్మే ఆపింది. నూనె చూస్తే ఆయన గుండె జారిపోతుంది, ఇంకా ఆశ ఉంది అంది. మర్నాడు మధ్యాహ్నం ఆయన పోయాక ఫాదర్ వచ్చాడు. చనిపోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన చేయగలిగాడు గానీ, తైలం బతికున్నవాళ్ళకే గనక ఆ సీసా జేబులోంచి తీయనే లేదు.

నొప్పి సద్దుమణిగాక అమ్మ తనంతట తనే చెప్పింది.

"ఆయన నూనె లేకుంట పోయిండు బిడ్డా. నా వల్ల పోయిండు. ఉత్తరించు స్థలంల ఎంత గోస పడుతున్నడో. నా నొప్పంత ఆయన వంతుకు పట్టుకో తల్లీ అని మరియమ్మకు మొక్కిన. మందేసుకొని మత్తుగ పండుకుంటే ఇంక ఏమిస్త?"

చనిపోయినవాళ్ళు మోక్షానికి ముందు శుద్ధి పొందే చోటును మేము ఉత్తరించు స్థలం అంటాం. అక్కడున్న వాళ్ళ కోసం బతికున్నవాళ్ళు ప్రార్థనలు, కష్టాలు కానుకగా ఇవ్వడం మాకు కొత్త కాదు. కాలికి ముల్లు గుచ్చుకున్నా "ఆత్మల కోసం ఒప్పజెప్పు" అనేది మా నాయనమ్మ. ముల్లు వేరు, ఎముకల్లో పాకే పుండు వేరు. నాకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపులోనూ ఒక ప్రశ్న తొలుస్తూనే ఉంది: ఈ లెక్క దేవుడు ఒప్పుకున్నాడని ఈమెకు ఎవరు చెప్పారు?

మా అన్నది కూడా నాయన పనిచేసిన కార్ఖానాలోనే ఉద్యోగం. అమ్మ ఉండేది అతని దగ్గరే; ఎండాకాలం సెలవులకు నేనూ వచ్చి ఉన్నాను. డ్యూటీ నుంచి రాగానే సంగతి చెప్పాను. కోపగిస్తాడనుకుంటే ఊపిరి పీల్చుకున్నాడు.

"మంచిదే అయింది తీ. గా మందంటే నాకు ముందు నుంచి భయమే. గది పానం తీస్తదంటరు. మన చేతులతోని మనమే అమ్మను చంపినట్టయితది. పాపం గాదా?"

ఒకే బిళ్ళకు ఇద్దరూ భయపడుతున్నారు. నొప్పి పోతుందని అమ్మకు భయం, ప్రాణం పోతుందని అన్నకు. మధ్యలో నేను, ఆ మంచం పట్టీని చూడలేక చస్తున్నాను. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు. సిస్టర్‌కు ఫోన్ చేశాను, మా గుడి ఫాదర్‌కూ చేశాను.

సిస్టర్ ముందు వచ్చింది. డబ్బాలో బిళ్ళలు చూసి నవ్వి, ఏరి పక్కన పెట్టింది. అన్నను కూర్చోబెట్టి మాట్లాడింది.

"నొప్పికి తగ్గట్టు, కొంచెం కొంచెం పెంచుకుంట ఇస్తే ఈ మందు పానం తియ్యదు అన్నా. మొదట ఒకట్రెండు రోజులు మత్తుగుంటది, మళ్ళ మనిషి తేటపడతది. మలబద్ధకం అయితది, దానికి వేరే మందిస్త. నొప్పితోనే మనిషి తొందరగ అలిసిపోతది, అది చూస్తున్నవా?"

అన్న తల ఊపాడు గానీ మనసు ఒప్పుకోలేదని మొహం చెబుతోంది. ఆ తర్వాత ఫాదర్ వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, నాకంటే చాలా చిన్నవాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుని, మొదటే ఒక మాట అన్నాడు.

"మీకు నిజం చెప్పాలండి. ఇవన్నీ ఫాదర్ అయ్యే చదువులో పరీక్ష కోసం చదివాను. మీరు ఫోన్ చేశాక నిన్న మళ్ళీ కూర్చుని చదివి వచ్చాను."

ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం పుట్టింది. గౌరవం పుట్టినవాళ్ళనే నేను ఎక్కువ విసిగిస్తాను. మందు వల్ల ఒకవేళ ఆయుష్షు తగ్గితే అది పాపమా కాదా, సూటిగా చెప్పండి అన్నాను.

"ఎందుకిస్తున్నాం అన్నది మొదట చూడాలండి. నొప్పి తగ్గించడానికి, తగ్గడానికి ఎంత కావాలో అంతే ఇస్తే, దానివల్ల ఆయుష్షు కాస్త తగ్గే ప్రమాదం ఉన్నా అది తప్పు కాదని మన కతోలిక శ్రీసభ ఎప్పటి నుంచో చెబుతోంది. మనిషిని పోగొట్టాలనే ఇస్తే ఎంత చిన్న మోతాదైనా తప్పే."

"ఇచ్చేవాళ్ళ మనసులో ఏముందో ఎట్ల తెలుస్తది?"

"మోతాదును బట్టి చాలావరకు తెలుస్తుందండి. నొప్పి కోసం ఇచ్చేవాళ్ళు నొప్పిని చూస్తూ ఇస్తారు, అది తగ్గగానే పెంచడం ఆపుతారు."

అన్న అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఉన్నట్టుండి అడిగాడు. "మరి నాయనకు పెట్టిన గొట్టం? అది వద్దని మేమంటే తప్పయ్యేదా ఫాదర్?"

ఆ ప్రశ్న అన్న ఇన్నేళ్ళూ మోస్తున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఆ రోజు సంగతి నాకు తెలియదు కాబట్టి ఆయన గురించి నేను చెప్పలేను. మేలు కంటే భారమే ఎక్కువైన వైద్యాన్ని వద్దనుకోవడం వేరు, చావును కోరుకోవడం వేరు. ఒంటికి పడుతున్నంత కాలం తిండి, నీళ్ళు ఇవ్వాలి, శుభ్రంగా ఉంచాలి, పక్కన మనిషి ఉండాలి. వీటిని మాత్రం మానకూడదండి."

అమ్మ నిద్రపోతోందనుకున్నాం. కళ్ళు మూసుకునే మాట్లాడింది.

"అంత మంచిగనే చెప్తున్నరు ఫాదర్. మరి ప్రభువుకు సిలువ కాడ నొప్పి తెల్వకుంట మందు కలిపిన ద్రాక్షరసం ఇస్తే నోట్ల పోసుకోలే గద? నేను ఎందుకు పోసుకోవాలె?"

వకీలు ఎవరి కడుపున పుట్టిందో ఆ క్షణం నాకు బాగా అర్థమైంది. ఫాదర్ కుర్చీ ఆమె మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు.

"మొదట వద్దన్నాడమ్మా, నిజమే. కానీ చివర్లో దాహం అన్నాడు. అప్పుడు పులిసిన ద్రాక్షరసం అందిస్తే పుచ్చుకున్నాడు. నొప్పి భరిస్తానని ఎవరైనా ఇష్టంగా అంటే మేము గౌరవిస్తాం. భరించి తీరాలని మాత్రం ఎవరినీ అడగం. దేవుడు తరాజు పెట్టుకుని మీ నొప్పి తూచుకునేవాడు కాదు."

అమ్మ ఆ 'దాహం' అన్న మాట దగ్గర కళ్ళు తెరిచింది. కాసేపటికి, "మొక్కు మొక్కిన ఫాదర్. ఎట్ల తప్పాలె?" అంది.

"కావాలంటే మీ మొక్కు నుంచి నేనే మిమ్మల్ని విడిపించగలను. ఆ అధికారం నాకుంది."

"అయ్యో, వద్దు. మీరు తీసేస్తే నేను ఎగ్గొట్టినట్టే."

"అయితే మీరే మార్చుకోండమ్మా. సొంతంగా మొక్కుకున్న మొక్కును, దానికి సమానమైన మంచికో, అంతకంటే గొప్ప మంచికో మార్చుకునే హక్కు మొక్కినవాళ్ళకే ఉంది. శ్రీసభ ధర్మశాస్త్రంలోనే ఉంది ఆ మాట."

ఇది నాకూ కొత్త సంగతే. అమ్మ మొహంలో చాలా రోజుల తర్వాత ఆసక్తి కనబడింది.

"నొప్పికి సమానమైంది ఏంది మరి?"

ఫాదర్ చాయ్ కప్పు అందుకున్నాడు. "ఇది పరీక్షలో రాలేదమ్మా" అన్నాడు. అమ్మ నవ్వింది. నవ్వితే పక్కటెముకలు నొచ్చి మూలిగింది.

ఆ తర్వాత కొన్ని రోజులు మా ఇంట్లో బేరం నడిచింది. లాడ్ బజార్‌లో గాజుల జత బేరమాడినట్టు నేను ఒక్కొక్కటి చెప్పడం, అమ్మ పెదవి విరవడం. మందు మాత్రం ముట్టలేదు. బేరం తెగేదాకా పాత మొక్కే నడుస్తుందట.

"రోజూ నిండు జపమాల చెప్పు అమ్మా."

"ఒళ్ళు మంచిగున్నప్పుడు గూడ చెప్పిన. కొత్తగ ఇచ్చేదేముంది?"

"చాయ్ మానేయ్."

"చాయ్ మానుడు, గీ నొప్పి ఒకటేనా? నీకు నొప్పంటే తెల్వదు."

గాజుల పనిలో అమ్మతో కూర్చునే ఖాలా, మేము పిన్నిలా చూసుకునే పక్క గల్లీ ముస్లిం ఆవిడ, రోజూ చూడ్డానికి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఖాళీగా కూర్చోలేక డబ్బాలోని రాళ్ళు రంగులవారీగా వేరు చేస్తుండేది. మా గొడవంతా విని ఆమె ఒక మాట అంది. "దర్ద్ సహనా సవాబ్ హై బహెన్, మాన్ లియా. మగర్ దవా భీ తో ఉనేచ్ దియా." నొప్పి ఓర్చుకోవడం పుణ్యమే కావచ్చు, మందు ఇచ్చింది కూడా ఆ పైవాడే కదా అని. "చల్, నువ్వు గూడ వకీలువైనవా" అని అమ్మ మొహం తిప్పుకుంది.

ఇక నా దగ్గర సరుకు అయిపోయింది. నొప్పికి సమానమైనది ఏమై ఉంటుందా అని అన్నం వండుతూ ఆలోచించేదాన్ని, గిన్నెలు తోముతూ ఆలోచించేదాన్ని. నొప్పి కన్నా పెద్ద నొప్పి తప్ప ఇంకేమీ తట్టేది కాదు. నాకు ఆమె మీద జాలి, నాయన మీద అర్థం లేని కోపం, దేవుడి మీద సవాలక్ష సందేహాలు. ఆ వారంలో నేను అన్న మీద అరిచినన్ని సార్లు పెళ్ళికి ముందు కూడా అరిచి ఉండను.

ఒక మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. కుండలోని చల్లటి నీళ్ళు గ్లాసులో పోసి అమ్మకు తాగించాను. రెండు గుక్కలు తాగి ఆగింది. గ్లాసు వంక చూస్తూ ఉండిపోయింది.

"ఆయన నీళ్ళడిగిండు" అంది.

"ఎప్పుడు?"

"ఆసుపత్రిల. నోట్ల గొట్టముండె గద, బొటనవేలు నోటికాడ పెట్టి సైగ చేసిండు. ఇయ్యొద్దన్నరు. నేను అట్లనే చూసుకుంట కూసున్న. నిద్ర గూడ లేకుండె. పగలు, రాత్రి లైట్లు, చప్పుడు."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఓ వకీలు, ఒక మాట చెప్పు. మీ నాయనకు నొప్పి తక్కువుండెనా?"

"లేదమ్మా. మస్తుండె."

"మరి నేను మళ్ళ నొప్పే ఎందుకు పంపుతున్న? ఉన్నదే ఇస్తరా ఎవరన్న? లేనిది గద ఇయ్యాలె."

నేను భోరున ఏడ్చాను. ఇన్నాళ్ళూ బేరంలో తప్పంతా అక్కడే ఉంది. నొప్పికి బదులు నొప్పి లాంటిదాని కోసమే వెతుకుతూ వచ్చాం ఇద్దరం. అమ్మ మాత్రం ఏడవలేదు. గ్లాసు అడిగి తీసుకుని మిగిలిన నీళ్ళు మెల్లగా, ఒక్క చుక్క వదలకుండా తాగింది. "గిది ఆయనకు" అని గ్లాసు నా చేతికిచ్చింది.

ఆయనకు లేనిది ఇవ్వాలంటే తైలం మొదట ఇవ్వాలి. ఫాదర్‌ను పిలిపించమంది. అంతేకాదు, తలుపులు బార్లా తెరిచి గల్లీ అంతా చూడాలంది. పక్కింటి ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అప్పుడేనా అక్కా" అని ఏడుపు అందుకుంది. అన్న మొహం పాలిపోయింది. ఫాదర్ మమ్మల్ని బయట నిలబెట్టి, అమ్మ తన పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం విన్నాడు. తర్వాత నుదుటికి, రెండు అరచేతులకు తైలం రాశాడు. ఆ చేతులు ఏళ్ళ తరబడి వేడి లక్కకు కాలి గట్టిపడ్డ చేతులు. తైలం ఇంకకముందే అమ్మ గుమ్మం వైపు చూసి, "అందరు చూసిండ్రా? నేను సావలే. ఇంక చాయ్ పెట్టుండ్రి" అంది. ఖాలా ముందుగా నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు.

ఆ సాయంత్రం సిస్టర్ ఇచ్చిన బిళ్ళ అమ్మ అరచేతిలో పెట్టాను. ఈసారి నేను వంటింట్లోకి వెళ్ళలేదు. అమ్మ బిళ్ళ మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి మరీ చూపించింది. సిస్టర్ చెప్పినట్టే మొదట మత్తుగా పడుకుంది. అన్న ఆ రెండు రోజులూ ఊపిరి ఆడుతోందో లేదోనని మంచం చుట్టూ తిరిగాడు. తర్వాత ఒక ఉదయం అమ్మ తేటగా లేచి కూర్చుని, గల్లీలో పాలవాళ్ళ బర్రెల చప్పుడు వింటూ, "మస్తు మంచిగ పండుకున్న బిడ్డా" అంది. "ఆ నిద్రంత ఆయనకే."

మల్లెలు అయిపోయి నేరేడు పళ్ళు వచ్చేదాకా ఉంది అమ్మ. నూనె పెట్టించుకున్న మనిషి ఇంకా అందరినీ తిడుతోందని గల్లీలో చెప్పుకున్నారు. పక్కింటావిడ తన మామగారికి జ్వరం ముదిరినప్పుడు, ఆయన ఇంకా కూర్చుని మాట్లాడుతుండగానే ఫాదర్‌ను పిలిపించింది. ఇక అమ్మ ఇచ్చిన కానుకలకు అంతు లేదు. నేరేడు పండు తిని నాలుక నల్లబడితే గిది ఆయనకు, ఖాలా చెప్పిన జోకుకు నవ్వితే గిది ఆయనకు. ఇంత సుఖం ఒక్కసారి అందితే నాయన తట్టుకోగలడా అని నేను ఆటపట్టించేదాన్ని. "ఆయనకు అలవాటైతది తీ" అనేది.

చివరి రోజుల్లో మింగడం ఆగిపోయింది. ముక్కు గొట్టంతో పాలు పోయించాలా అని అన్న ఫాదర్‌ను అడిగాడు. ఒంటికి పట్టే స్థితి దాటిపోయిందని, బలవంతంగా పోస్తే పొట్ట ఉబ్బి, ఊపిరాడక ఆమెకే కష్టమని సిస్టర్ చెప్పింది. అలాంటప్పుడు వద్దనడం ఆకలితో చంపడం కాదని ఫాదర్ అన్నాడు. అన్న సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చుని, దూది తడిపి అమ్మ పెదవులు తడుపుతూ ఉన్నాడు. మందు కూడా అప్పటికి బిళ్ళలు కాదు, నాలుక కింద వేసే చుక్కలు. అవి వేయడానికి అన్న నన్ను కూడా రానిచ్చేవాడు కాదు.

ఆ రోజు మధ్యాహ్నం వాన మొదలైంది. అన్న చుక్కలు వేశాడు. అమ్మ పెదవులు కదిలాయి. ఇద్దరం వంగి విన్నాం.

"గిది..." అంది. మిగతా మాట అనేలోపే నిద్ర పట్టేసింది. హాయిగా, నోరు కొంచెం తెరుచుకుని, గురక పెడుతూ పడుకుంది. వాన వెలిసే వేళకు ఆ గురక ఆగింది. మళ్ళీ లేవలేదు.

అన్న అమ్మ నుదుటి మీద చెయ్యి ఉంచి, ఆమె మధ్యలో వదిలేసిన మాట అందుకున్నాడు.

"ఆయనకు" అన్నాడు.